రాష్ట్రం చేసే అప్పు ధర ఎవరు కడుతున్నారు? ఆ లెక్క ఎలా చదవాలి?

ప్రశ్న అడిగినవారు విజయవాడ ఆటోనగర్‌లో చిన్న వర్క్‌షాపు నడుపుతున్నారు. అడిగినవి మూడు. రాష్ట్ర అప్పు ఎంతంటే ఒక్కో పార్టీ ఒక్కో అంకె చెబుతోంది, ఏది నమ్మాలి? పథకాల డబ్బు చివరికి బీసెంట్ రోడ్డుకో గుంటూరు పట్నం బజారుకో చేరేదే కదా, వ్యాపారికి నష్టమేముంది? అప్పు లేకుండా రాజధాని, ప్రాజెక్టులు ఎవరైనా కట్టగలరా?

నాది స్వేచ్ఛా మార్కెట్ పక్షం. ఈ ప్రాంతానికి ఆ ఆలోచన కొత్తేమీ కాదు. 1959లో స్వతంత్ర పార్టీ పుట్టినప్పుడు దానికి తొలి అధ్యక్షుడు గుంటూరు జిల్లా నిడుబ్రోలుకు చెందిన ఆచార్య ఎన్.జి. రంగా. అప్పు చేయడాన్ని నేను తప్పు పట్టను. నా అభ్యంతరమంతా దాని ధర దగ్గర ఉంది. అప్పిచ్చేవాడికి నష్టభయం లేదు. తెచ్చేవాడు తన జేబులోంచి కట్టనక్కర్లేదు. మేలు పొందేవాడికి బిల్లు కనపడదు. ఇలా ముగ్గురికీ ధర తగలని చోట అప్పు పెరగకపోతేనే ఆశ్చర్యం. అందుకే ప్రభుత్వాలు మారినా ఈ కథ మారడం లేదు.

ముందు అంకెలు చూద్దాం. 2025 ఫిబ్రవరి 28న ఆర్థిక మంత్రి పయ్యావుల కేశవ్ ప్రవేశపెట్టిన 2025-26 బడ్జెట్ మొత్తం 3,22,359 కోట్లు. పేపర్లలో పెద్దక్షరాల్లో వచ్చేది ఇదే. దీన్ని పక్కన పెట్టండి. పాత అప్పుల అసలు తీర్చడానికి కేటాయించిన సొమ్ము కూడా ఇందులో కలిసి ఉంటుంది కాబట్టి దీన్నిబట్టి తెలిసేది తక్కువ. చూడవలసినవి నాలుగు. రెవెన్యూ వ్యయం 2,51,162 కోట్లు. మూలధన వ్యయం 40,635 కోట్లు. రెవెన్యూ లోటు 33,185 కోట్లు. ద్రవ్యలోటు 79,926 కోట్లు. జీతాలు, పింఛన్లు, వడ్డీలు, సబ్సిడీలు, పథకాలు ఇవన్నీ ఏడాదిలో ఖర్చయిపోయేవి. వాటికి పన్నులు, కేంద్రం నుంచి వచ్చేవి చాలక తక్కువ పడ్డదే రెవెన్యూ లోటు. ఆ ఏడాది నికరంగా తెచ్చుకోవలసిన అప్పు ద్రవ్యలోటు.

రెవెన్యూ లోటును ద్రవ్యలోటుతో భాగించండి. 41.5 శాతం వస్తుంది. కొత్తగా తెచ్చే ప్రతి వంద రూపాయల అప్పులో 41 రూపాయల 50 పైసలు ఆ ఏడాది ఖర్చుల్లోనే కరిగిపోతున్నాయి. వాటికి ఎదురుగా కాలువ లేదు, రోడ్డు లేదు, సబ్‌స్టేషన్ లేదు. నేను ఏ రాష్ట్ర బడ్జెట్ తెరిచినా మొదట వేసే భాగహారం ఇదే. మొత్తం అప్పు ఎన్ని లక్షల కోట్లన్న దానికంటే ఇది ఎక్కువ చెబుతుంది.

ఇందులో విభజన పాపమూ ఉంది, కాదనను. 15వ ఆర్థిక సంఘం ఆంధ్రప్రదేశ్‌కు రెవెన్యూ లోటు గ్రాంటుగా 2021-22లో 17,257 కోట్లు, ఆ తర్వాతి ఏడాది 10,549 కోట్లు, 2023-24లో 2,691 కోట్లు సిఫారసు చేసింది. అక్కడితో సరి. గ్రాంటు తగ్గుతూ ఆగిపోతుందని మొదటి రోజు నుంచీ రాతపూర్వకంగా తెలుసు. దానికి తగ్గట్టు ఖర్చు తగ్గలేదు సరికదా, అది ఆగిపోయాక జరిగిన ఎన్నికల్లో రెండు వైపులా కొత్త హామీలు వచ్చాయి.

రాష్ట్ర బాండుకు ఇంటి లోనులా ఈఎంఐ ఉండదు. ఆరు నెలలకోసారి వడ్డీ, గడువు తీరిన రోజున అసలు మొత్తం ఒకేసారి. ఆ అసలు కట్టడానికి మళ్లీ బాండ్లే అమ్ముతారు. అంటే అసలు తరగదు, వడ్డీ మాత్రం ఏటా పోతుంది. 33,185 కోట్లకు ఏడు శాతం వేసుకోండి, ఏడాదికి 2,323 కోట్లు. ఎన్టీఆర్ భరోసా పింఛను 4,000 చేసిన 2024 జులైలో లబ్ధిదారులు సుమారు 65 లక్షల మంది. తలకు 4,000 చొప్పునే లెక్కేసినా నెలకు 2,600 కోట్లు, ఏడాదికి 31,200 కోట్లు. ఇదే లోటు ఏటా నడిస్తే పదమూడు, పద్నాలుగేళ్లకు ఆ లోట్ల మీద వడ్డీయే ఏడాది పింఛన్ల బిల్లంత అవుతుంది. ముసలివాళ్లకు పింఛను ఇవ్వొద్దని నేను ఎన్నడూ అనను. ఈనాటి పింఛనుకు ఈనాటి పన్నులు వాడకపోతే పదేళ్ల తర్వాతి ముసలివాళ్ల పింఛనులోంచి కోసి ఇస్తున్నట్టే అంటున్నాను.

అప్పిచ్చేవాడికి భయమెందుకు లేదు?

రాష్ట్రాల బాండ్లను ఆర్బీఐ సాధారణంగా మంగళవారం వేలం వేస్తుంది. ఎంత మొత్తం, ఎన్నేళ్ల గడువు, ఎంత వడ్డీకి తెగింది అన్నీ సాయంత్రానికి ప్రకటనలో వచ్చేస్తాయి. వరుసగా కొన్ని వారాలు చూస్తే ఒకటి అర్థమవుతుంది. ఖజానా పొదుపుగా నడిపే రాష్ట్రానికీ, ఓవర్‌డ్రాఫ్టులో మునిగి తేలే రాష్ట్రానికీ ఒకే గడువు బాండు మీద పడే వడ్డీ తేడా చాలా స్వల్పం. బజారులో మంచి పేరున్న వ్యాపారికీ, చెక్కులు బౌన్స్ అయ్యే వ్యాపారికీ ఒకే వడ్డీకి సరుకు అరువిస్తే ఎవరు జాగ్రత్తగా ఉంటారు?

తేడా లేకపోవడానికి కారణాలు నిబంధనల్లోనే ఉన్నాయి. రాష్ట్రాల ఖాతా ఆర్బీఐ దగ్గరే ఉంటుంది, వడ్డీ అక్కడినుంచే కోసుకుంటుంది. బ్యాంకులు తమ డిపాజిట్లలో 18 శాతం ఎస్‌ఎల్‌ఆర్ కింద ఇలాంటి సెక్యూరిటీల్లో పెట్టి తీరాలి. అన్నిటికంటే ముఖ్యం రిస్క్ వెయిట్, అంటే ఒక రుణంలో నష్టభయం ఎంతని నిబంధన లెక్కగట్టే శాతం. రాష్ట్ర బాండుకు అది సున్నా. మీ వర్క్‌షాపు లాంటి చిన్న పరిశ్రమకిచ్చే రుణానికి 75 శాతం. బ్యాంకు ఉంచుకోవలసిన మూలధనం బఫర్‌తో కలిపి 11.5 శాతం కాబట్టి, మీకు వంద రూపాయలు ఇవ్వాలంటే బ్యాంకు తన సొంత మూలధనం 8 రూపాయల 60 పైసలు దానికి కట్టి పెట్టాలి. రాష్ట్ర బాండు కొంటే రుణ నష్టభయం కింద పైసా కూడా పెట్టనక్కర్లేదు. మీ ఫైలు వెరిఫై చేయాలి, స్టాకు చూడాలి, మొండి బకాయి అయితే మేనేజరు జవాబు చెప్పాలి. బాండుకు ఇవేవీ లేవు.

మీ రెండో ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది. పథకం డబ్బు బీసెంట్ రోడ్డుకు చేరుతుంది, నిజమే. చేరేముందు ఎక్కడినుంచో బయలుదేరింది కదా! విజయవాడ, గుంటూరు జనం బ్యాంకులో వేసుకున్న డిపాజిట్లు, ఎల్ఐసీకి కట్టిన ప్రీమియం, ఉద్యోగుల పీఎఫ్. అవే రాష్ట్ర బాండ్లను కొంటాయి. అదే డబ్బు మీకు కొత్త లేత్ మెషీన్ అయి ఉండొచ్చు. చీర కొన్నవాళ్లు కనపడతారు, కొనకుండా ఆగిపోయిన మెషీన్ ఎవరికీ కనపడదు. రాష్ట్రం ఒక్కటి అప్పు చేసినంత మాత్రాన దేశమంతటా వడ్డీలు పెరగవు. అన్ని రాష్ట్రాలూ, కేంద్రమూ ఒకే చెరువులో తోడుతుంటే మాత్రం నీటిమట్టం తగ్గుతుంది.

మిగతా సగం జవాబు మీ కరెంటు బిల్లులో ఉంది. 2022 ఏప్రిల్‌లో వాణిజ్య, పారిశ్రామిక కనెక్షన్ల విద్యుత్ సుంకాన్ని యూనిట్‌కు 6 పైసల నుంచి ఒక రూపాయికి పెంచారు. నెలకు 2,000 యూనిట్లు వాడే షెడ్డుకు 120 రూపాయలు కట్టేచోట 2,000 రూపాయలు. ఏడాదికి అదనంగా 22,560. పెట్రోలు మీద 31 శాతం వ్యాట్, దానిమీద లీటరుకు నాలుగు రూపాయల అదనపు వ్యాట్, ఒక రూపాయి రోడ్డు సెస్సు. డీజిలుకు 22.25 శాతం, మళ్లీ అదే నాలుగు, ఒకటి. స్థలం రిజిస్ట్రేషన్‌కు అన్నీ కలిపి ఏడున్నర శాతం. అప్పంటే వాయిదా వేసిన పన్ను. వాయిదా తీరేటప్పుడు ఎవరి దగ్గర వసూలు చేయడం తేలికో వాళ్ల దగ్గరే చేస్తారు. మీటరు ఉన్నవాడు, బంకుకు వెళ్లేవాడు, రిజిస్ట్రార్ ఆఫీసు మెట్లెక్కేవాడు.

ఇక్కడ చదువుకున్నవాళ్లు ఒక అభ్యంతరం లేవదీస్తారు, దానికి జవాబు చెప్పాలి. ధరల పెరుగుదలతో కలిపి రాష్ట్ర ఉత్పత్తి 11 శాతం పెరుగుతూ, వడ్డీ 7.5 శాతమే ఉంటే అప్పు నిష్పత్తి దానంతట అదే అదుపులో ఉంటుందంటారు. కొంతవరకు నిజం. అప్పు జీఎస్‌డీపీలో, అంటే ఆ రాష్ట్ర ఉత్పత్తిలో, 35 శాతం అనుకుందాం. పై రేట్లకు, వడ్డీ తీసేశాక మిగిలే ప్రాథమిక లోటు 1.1 శాతం దాకా ఉన్నా నిష్పత్తి పెరగదు. పెరుగుదల 8 శాతానికి జారిందా, ఆ వెసులుబాటు 0.16 శాతానికి పడిపోతుంది. అంటే వాదనంతా పెరుగుదల అంచనా మీద నిలబడింది. ఆ అంచనా వేసేది అప్పు తెచ్చే ప్రభుత్వమే. పైగా 7.5 శాతం అన్నది మామూలు బాండ్ల వడ్డీ. చాటున తెచ్చే అప్పుకు అది వర్తించదు.

ఒక్కొక్కరు ఒక్కో అంకె ఎందుకు చెబుతారు?

2024 జులైలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు శ్వేతపత్రంలో మొత్తం అప్పులు, బకాయిలు 9.74 లక్షల కోట్లన్నారు. ప్రతిపక్షం ఆ అంకెను ఒప్పుకోలేదు. ఇద్దరూ లెక్కపెట్టే పొరలు వేరు. మొదటి పొర ప్రభుత్వం నేరుగా అమ్మిన బాండ్లు, కేంద్ర రుణాలు. రెండోది పబ్లిక్ అకౌంటు, అంటే ఉద్యోగుల జీపీఎఫ్, డిపాజిట్లు. మూడోది కార్పొరేషన్లు ప్రభుత్వ హామీతో తెచ్చినవి. నాలుగోది హామీ లేకుండా అవే తెచ్చినవి. అయిదోది కాంట్రాక్టర్లకు, ఆస్పత్రులకు, కాలేజీలకు, డిస్కంలకు (కరెంటు పంపిణీ సంస్థలకు), ఉద్యోగులకు పెట్టిన బకాయిలు. అధికారంలో ఉన్నవాళ్లు తమ హయాం గురించి మాట్లాడేటప్పుడు మొదటి పొర దగ్గర ఆగుతారు, ఎదుటివాళ్ల గురించి మాట్లాడేటప్పుడు అయిదోదాకా వెళ్తారు. ఎవరైనా అంకె చెబితే ఎన్నో పొర దాకా అని అడగండి, సగం గొడవ తీరుతుంది.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది మూడో పొర. రాజ్యాంగం 293(3) ప్రకారం కేంద్రానికి బాకీ ఉన్న రాష్ట్రం కొత్త అప్పుకు కేంద్రం సమ్మతి తీసుకోవాలి. ఆ పరిమితి తప్పించుకోవడానికి కార్పొరేషన్ పేరు మీద తెస్తారు. పద్ధతి ఇలా ఉంటుంది. కార్పొరేషన్ బాండ్లు జారీ చేస్తుంది, ప్రభుత్వం హామీ ఇస్తుంది, రాబోయే ఏదో ఆదాయాన్ని ఆ అప్పు తీర్చడానికే కేటాయించిన ఎస్క్రో ఖాతాకు మళ్లిస్తారు, వడ్డీ బడ్జెట్ నుంచో ఆ మళ్లించిన పన్ను నుంచో పోతుంది. కార్పొరేషన్‌కు సొంత సంపాదన ఉండదు, కాబట్టి మదుపరి ఎక్కువ వడ్డీ అడుగుతాడు.

2018 ఆగస్టులో రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ సీఆర్‌డీఏ 2,000 కోట్ల అమరావతి బాండ్లను 10.32 శాతానికి జారీ చేసింది. ఏడాదికి వడ్డీ 206 కోట్లు. రాష్ట్రం నేరుగా తెచ్చుకునే బాండ్లకంటే అది దాదాపు రెండు శాతం పాయింట్లు ఎక్కువ. ఒకటిన్నర రెట్లు బిడ్లు వచ్చాయని అప్పట్లో గొప్పగా చెప్పారు. హామీ ఉన్న కాగితానికి అంత వడ్డీ ఇస్తే బిడ్లు రాకుండా ఎలా ఉంటాయి? 2019 తర్వాత పనులు ఆగాయి, వడ్డీ మాత్రం ఆగలేదు. 2022 జూన్‌లో ఇంకో ప్రభుత్వం బెవరేజెస్ కార్పొరేషన్ ద్వారా 9.62 శాతానికి 8,305 కోట్లు తెచ్చింది. ఏడాది వడ్డీ 799 కోట్లు. ఆ రోజుల్లో రాష్ట్ర బాండ్లు ఎనిమిది శాతం అటూఇటూగా తెగుతున్నాయి. పరిమితి దాటడానికి కట్టిన అదనపు ధర ఏటా నూరు కోట్ల పైమాటే. ఒకరు రాజధాని పేరున, ఇంకొకరు మద్యం ఆదాయం పేరున చేసినా కిటుకు ఒకటే.

బడ్జెట్ నుంచి వడ్డీ, అసలు కట్టే కార్పొరేషన్ అప్పులను రాష్ట్ర అప్పుగానే లెక్కిస్తామని 2022లో కేంద్రం నిర్ణయించింది. దీనిపై కేరళ సుప్రీంకోర్టుకు వెళ్లింది, 2024లో అది రాజ్యాంగ ధర్మాసనానికి వెళ్లింది. కేంద్రం రాష్ట్రాల మీద కర్ర పట్టుకోవడం నాకు ఇష్టమైన పరిష్కారం కాదు, కేంద్రం సొంత లోటూ తక్కువేం కాదు. మదుపరి కర్ర పట్టుకోవాలి. అది లేనంతకాలం ఇలాంటి పరిమితులు వస్తూనే ఉంటాయి, వాటికి కన్నాలు పడుతూనే ఉంటాయి.

అయిదో పొర, పెండింగ్ బిల్లులు, ఆటోనగర్‌కు దగ్గరి విషయం. ప్రభుత్వ చెల్లింపుల ఆన్‌లైన్ వ్యవస్థ సీఎఫ్‌ఎంఎస్‌లో బిల్లు ఎక్కుతుంది, డబ్బు పడదు. కోటి రూపాయల బిల్లు ఏడాదిన్నర ఆగితే, 14 శాతానికి బయట తెచ్చుకున్న కాంట్రాక్టరుకు 21 లక్షలు పోతాయి. అది ప్రభుత్వం వడ్డీ లేకుండా తీసుకున్న అప్పు, ఏ అప్పు పట్టికలోనూ ఉండదు. తర్వాతి టెండర్లో ఆ 21 లక్షలను రేటులో కలుపుకోవాలని చూస్తాడు. అంచనాకు మించి కోట్ చేయడానికి పరిమితి ఉంటుంది కాబట్టి కుదరదు. అప్పుడు మంచివాళ్లు టెండరే వేయరు, లేదా సిమెంటులో, తారులో తగ్గుతుంది. లారీ బాడుగ, స్పేర్ పార్టులు, వెల్డింగు పని చేసినవాళ్ల బకాయిలు ఆ గొలుసులో చివరన ఉంటాయి.

కరెంటు దగ్గర ఇదే పద్ధతి. విద్యుత్ చట్టం 2003 సెక్షన్ 65 ప్రకారం ఉచితం ఇస్తామన్న ప్రభుత్వం ఆ సబ్సిడీని డిస్కంకు ముందుగానే కట్టాలి. ఆలస్యమైతే డిస్కం వర్కింగ్ క్యాపిటల్ అప్పు తెస్తుంది. కొనుగోలు ఖర్చు పెరిగితే సర్దుబాటు ఛార్జీ వేస్తారు. 2022-23లో వాడిన కరెంటుకు 6,072 కోట్ల సర్దుబాటును 2024 డిసెంబరు నుంచి 15 నెలల్లో వసూలు చేయడానికి అనుమతి వచ్చింది. రెండేళ్ల కిందట వేసిన కొటేషన్‌కు ఆ ఖర్చును మీరు ఎవరి దగ్గర రాబట్టుకోగలరు? వ్యవసాయ మోటార్లకు మీటర్లు లేకపోవడం వల్ల పొలంలో ఎంత వాడారో, లైన్లో ఎంత పోయిందో, దొంగతనం ఎంతో విడదీయడానికి వీల్లేదు. సబ్సిడీ అంకె ఎప్పుడూ అంచనాయే.

మీరే లెక్క చూసుకోవాలంటే

ఒక సాయంత్రం చాలు. ఆర్థిక శాఖ వెబ్‌సైటులో బడ్జెట్ సంక్షిప్త పత్రం దింపుకోండి. నిలువు గళ్లలో మూడు చూడండి. గడిచిన ఏడాది అసలు లెక్క, నడుస్తున్న ఏడాది సవరించిన అంచనా, వచ్చే ఏడాది అంచనా. మొదటి గడినే నమ్మండి. గత మూడేళ్ల పత్రాలు పక్కపక్కన పెట్టి, ఒకే ఏడాదికి మొదట ఏం చెప్పారు, చివరికి ఏమైంది చూడండి. ఆదాయం అంచనాకు తగ్గిందా, మూలధన వ్యయం ఎంత కోతపడింది అన్నవి రెండూ ఒక కాగితం మీద రాసుకోండి.

పద్దు నంబరులో మొదటి అంకె చాలు, ఖర్చు ఏ జాతిదో తెలుస్తుంది. 2 లేదా 3తో మొదలైతే రెవెన్యూ ఖర్చు, 4 లేదా 5 అయితే మూలధనం, 6 లేదా 7 అయితే అప్పులు, అడ్వాన్సులు, 8 అయితే పబ్లిక్ అకౌంటు. వడ్డీలు 2049 కింద, ప్రభుత్వ ఉద్యోగుల పింఛన్లు 2071 కింద, విద్యుత్ 2801 కింద, రాష్ట్రం బాండ్ల అసలు 6003 కింద ఉంటాయి. 2049, 2071 కలిపి రెవెన్యూ రాబడితో భాగించండి. అందులో ఏ మంత్రీ ముట్టుకోలేని వాటా ఎంతో తెలుస్తుంది. దానికి జీతాలు కూడా కలిపితే మిగిలేది చూసి ఆశ్చర్యపోతారు.

తర్వాత ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ వెబ్‌సైటులో రాష్ట్రాల నెలవారీ సూచికలు. డిసెంబరు పట్టిక తీయండి. తొమ్మిది నెలలు గడిచాయి కాబట్టి ప్రతి పద్దూ 75 శాతం దగ్గర ఉండాలి. రెవెన్యూ లోటు అప్పటికే నూరు శాతం దాటి, మూలధన వ్యయం 45 దగ్గర ఉంటే ఆ ఏడాది ఎటు పోతోందో తెలిసిపోయినట్టే. జీతం ఆపలేరు, పింఛను ఆపలేరు, కాలువ పని ఆపొచ్చు. కోత ఎప్పుడూ అక్కడే.

ఏడాది లెక్కలకు కాగ్ ఫైనాన్స్ అకౌంట్స్ ఉంది. అందులో 6వ పట్టికలో అప్పులు, 9లో హామీలు. వివరాలు కావాలంటే 17, 20. ఏ ఏడాది ఎంత అసలు తీర్చాలో 17లో ఉంటుంది, దాన్ని వదలకండి. రోజువారీ అవసరాలకు ఆర్బీఐ ఇచ్చే నిర్వహణ అడ్వాన్సులు, అవి దాటాక తీసుకునే ఓవర్‌డ్రాఫ్టు ఎన్ని రోజులు వాడారో కూడా కాగ్ చెబుతుంది. ఓవర్‌డ్రాఫ్టుకు వడ్డీ రెపో రేటు మీద రెండు శాతం, పరిమితి దాటితే అయిదు శాతం ఎక్కువ. వరుసగా 14 పని దినాలకు మించి అందులో ఉంటే ఆర్బీఐ చెల్లింపులు ఆపేస్తుంది. ఏడాదిలో అధిక రోజులు అడ్వాన్సుల మీదే గడిచిందంటే ఒకటో తారీఖు జీతాలకు మంగళవారం వేలం కోసం ఎదురుచూస్తున్నారని అర్థం.

ఏం మార్చవచ్చు, ఎక్కడ బెడిసికొడుతుంది?

రెవెన్యూ లోటు సున్నా ఉండాలన్న సూత్రం మంచిదే. అమలు చేస్తే జరిగేది పేరు మార్పు. కార్పొరేషన్‌కు వాటా మూలధనం అని 4తో మొదలయ్యే పద్దు కింద డబ్బిచ్చి దానితో రోజువారీ ఖర్చులు కట్టిస్తారు. ఇంకో చిక్కు, గట్ల నిర్వహణ, పూడికతీత రెవెన్యూ పద్దులోకే వస్తాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు డైవర్షన్ కాలువ గట్లకు గండ్లు పడి సింగ్‌నగర్ మునిగింది, విజయవాడ వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. కాబట్టి గుడ్డిగా రెవెన్యూ ఖర్చు కోయమనడం సరికాదు. నిర్వహణను విడిగా చూపించి కాపాడి, పథకాల కింద పంచే డబ్బును ఆ ఏడాది పన్నుతో ముడిపెట్టాలి. కొత్త పథకం ప్రకటించిన పత్రంలోనే దానికి ఏ పన్ను ఎంత పెంచుతారో రాయాలి. పెట్రోలు మీద ఇంకో రెండు రూపాయలు అని పక్కనే రాస్తే ఓటరు రెండూ చూసి తేల్చుకుంటాడు.

హామీల విషయంలో ఆర్బీఐ ఏర్పాటు చేసిన కార్యబృందం 2024లో ఒక కొలత ఇచ్చింది. ఏడాదిలో కొత్తగా ఇచ్చే హామీలు రెవెన్యూ రాబడిలో 5 శాతం, జీఎస్‌డీపీలో 0.5 శాతం, రెండిటిలో ఏది తక్కువైతే అంతకు మించకూడదు. 2025-26 బడ్జెట్ అంకెలకు లెక్కిస్తే మొదటిది 10,899 కోట్లు, రెండోది సుమారు 9,125 కోట్లు. తక్కువది తీసుకోవాలి. దీన్ని చట్టంలో పెట్టి, హామీకి నష్టభయాన్ని బట్టి ఫీజు వసూలు చేస్తే కార్పొరేషన్ దారి దానంతట అదే ఖరీదవుతుంది.

ఉచిత కరెంటుకు బదులు రైతుకు ఎకరాకింత అని నగదు ఖాతాలో వేసి, యూనిట్‌కు ధర పెట్టాలన్నది నా పాత వాదన. పొదుపు చేసిన రైతుకు ఆ డబ్బు మిగులుతుంది. శ్రీకాకుళం జిల్లాలో మీటర్ల ప్రయోగం జరిగింది. రైతులు భయపడ్డది మీటరుకు కాదు, నగదు వేయడం ఒక నెల ఆగితే బిల్లు మాత్రం ఆగదని. బకాయిల చరిత్ర చూస్తే ఆ భయం న్యాయమైనదే. మూడు నెలల మొత్తం ముందే వేస్తే తప్ప ఇది నడవదు.

ఆదాయం వైపు కూడా ధర వదిలేస్తున్నారు. 2024 అక్టోబరులో 3,396 మద్యం దుకాణాలకు లాటరీ తీశారు. ఒక్కో దరఖాస్తుకు తిరిగిరాని 2 లక్షలు, 89,882 దరఖాస్తులు, 1,797 కోట్లు. అంతమంది పోటీపడ్డారంటే లైసెన్సు విలువ నిర్ణయించిన రుసుం కంటే చాలా ఎక్కువని జనమే చెప్పారు. వేలం వేసి ఉంటే ఆ విలువ ఖజానాకు వచ్చేది, లాటరీలో అది చీటీ తగిలినవాడికి పోయింది.

ఇక మీ మూడో ప్రశ్న, రాజధాని. ప్రపంచ బ్యాంకు, ఏడీబీ, హడ్కో రుణాలతో అమరావతి పనులు నడుస్తున్నాయి. ఆస్తి మిగిలే అప్పు కాబట్టి తినేసే అప్పుకంటే మేలు, అందులో సందేహం లేదు. నేను అడిగేది ఒక్కటే. పూలింగ్‌లో భూములిచ్చిన రైతులకు తిరిగి ఇవ్వాల్సినవి ఇచ్చాక సీఆర్‌డీఏ దగ్గర మిగిలే ఎకరాలెన్ని, వాటిని ఏ ఏడాది ఎన్ని అమ్మి ఏ కిస్తీ కడతారు? రోడ్లు, కాలువలు ముందు పూర్తయి భూమికి కొనుగోలుదారు వచ్చాక తర్వాతి దశకు అప్పు తేవాలి. అన్నీ ఒకేసారి మొదలుపెట్టి, అమ్మకం ఆలస్యమైతే, వడ్డీ మళ్లీ 2049 పద్దులోకే చేరుతుంది.

మీ స్థాయిలో చేయదగ్గ పని ఒకటుంది. డిస్కంలు ఏటా నవంబరు 30లోగా వచ్చే ఏడాది ఆదాయ అవసరాల నివేదికను విద్యుత్ నియంత్రణ మండలికి ఇస్తాయి. తర్వాత అభ్యంతరాలకు గడువిస్తారు, బహిరంగ విచారణ జరుపుతారు, టారిఫ్ ఉత్తర్వు మార్చి చివరికల్లా వస్తుంది. ఆటోనగర్ అసోసియేషన్ తరఫున రెండు పేజీల కాగితం చాలు. మీ డిస్కం ఏపీసీపీడీసీఎల్ నివేదికలో వ్యవసాయ వాడకం అంచనా ఏ కొలతతో వేశారు, గత ఏడాది ప్రభుత్వం ఒప్పుకున్న సబ్సిడీలో ఏ నెలకు ఎంత జమ అయింది, ఆలస్యం మీద డిస్కం కట్టిన వడ్డీ ఎంత, అది మీ బిల్లులో ఏ గడిలో కలిసింది అని రాతపూర్వకంగా అడగండి. గడువులోపల ఇచ్చిన అభ్యంతరానికి డిస్కం జవాబు ఇవ్వాలి, ఆ జవాబు ఉత్తర్వులో అచ్చవుతుంది.